రెండు క్లిక్కుల వాస్తు

వ్యాపారం దెబ్బతిన్న పెద్దమనిషి ముందుగా లెక్కల పుస్తకం తెరవడు, వాస్తు పండితుడికి ఫోన్ చేస్తాడు. ఆయన వచ్చి, నాలుగు మూలలూ కలియజూసి, గల్లాపెట్టె ఉన్న చోటే కొంప ముంచిందని తేలుస్తాడు. అరువు ఖాతాలు ఎక్కడివక్కడే ఉంటాయి, గల్లాపెట్టె మాత్రం జరుగుతుంది. రేస్ ట్రాక్ మీద ల్యాప్ టైము దెబ్బతిన్న మోటార్‌సైకిల్ రైడరు చేసేదీ అచ్చం ఇదే. చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు, హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ బళ్లు వేసుకుని వెళ్లే మనవాళ్లకూ కొత్త కాదు. అక్కడ ట్రాక్ డే నాడు పిట్‌లో చెవి పెడితే వినిపించే మాట, "అన్నా, ముందు టైరు వదిలేస్తోంది, రీబౌండ్ రెండు క్లిక్కులు బిగించు" అని. "అన్నా, నాకు బ్రేకు వదలడం చేతకావట్లేదు, కాస్త చెప్పు" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. నేననేది ఒక్కటే. సరదాకి ట్రాకెక్కే వాళ్లలో చాలామందికి బండి మీదున్న అతి పెద్ద సస్పెన్షన్ స్క్రూలు వాళ్ల చేతులే. ఆ చేతులు ప్రతి ల్యాపులో ఒకేలా పనిచేయనంతకాలం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీది స్క్రూ తిప్పితే మేలు జరిగిందో కీడు జరిగిందో తెలుసుకునే దారే లేదు.

ఆ స్క్రూలు ఏం చేస్తాయో ముందు చెప్పకపోతే పిట్ పండితులు నన్ను బతకనివ్వరు. బరువు మోసేది స్ప్రింగు. దాన్ని ఒంటరిగా వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది కాబట్టి, సన్నటి దారుల్లోంచి నూనెని పోనిచ్చి ఆ ఊపుకి పగ్గం వేస్తారు, అదే డాంపింగ్. ఫోర్కు కుంగే వేగం కంప్రెషన్ స్క్రూ చేతిలో, తిరిగి లేచే వేగం రీబౌండ్ స్క్రూ చేతిలో ఉంటాయి. స్క్రూ తిరిగేటప్పుడు పడే ఒక్కో మెట్టే క్లిక్కు. ప్రీలోడ్ స్ప్రింగుని ముందే కాస్త అదిమిపెట్టి, బండి ఎంత ఎత్తులో కూర్చోవాలో తేలుస్తుంది. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది గట్టి నమ్మకం. గట్టిపడదు. ఆ గట్టిదనం తీగ మందాన్ని బట్టీ, చుట్లను బట్టీ కంపెనీలోనే ఖాయమైపోయింది. పానా తిప్పితే మారేది కాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే పిట్‌లో జరిగే వాదోపవాదాలు సగానికి తగ్గుతాయి, అందుకే కాబోలు ఎవరూ తెలుసుకోరు.

ఇప్పుడు ఒక మలుపు దగ్గరికి వద్దాం. రైడరు జోరుగా వచ్చి ముందు బ్రేకు పట్టాడు. బరువు ముందుకి తూగి ఫోర్కు కుంగింది. ముందు భాగం దిగితే ఫోర్కు ఇంకాస్త నిటారుగా అయి, బండి చురుగ్గా తిరుగుతుంది. మలుపులోకి వంగేటప్పుడు కావలసిందీ అదే. పని తెలిసినవాడు బండి వంగేకొద్దీ లివరు మీద వేళ్లను కొద్దికొద్దిగా సడలిస్తాడు, ఫోర్కు కూడా మర్యాదగా లేస్తుంది. మనవాడు ప్రాణభయంతో లివరుని బిగించి పట్టి, వంగే క్షణానికి టక్కున వదిలేస్తాడు. ఫోర్కు ఎగిరి లేస్తుంది, ముందు టైరు మీద బరువు పోతుంది, బండి అనుకున్న దారి వదిలి బయటి అంచు చూసుకుంటుంది. పిట్‌లోకి వచ్చి "రీబౌండ్ మరీ స్పీడుగా ఉంది" అంటాడు. స్పీడుగానే ఉంది, కాదనను; కానీ ఆ స్పీడు ఫోర్కులో లేదు, రెండు వేళ్లలో ఉంది. మెకానిక్ రెండు క్లిక్కులు బిగిస్తాడు. ఇప్పుడు ఫోర్కు నింపాదిగా లేస్తుంది. కానీ వరసగా గతుకులు తగిలితే, ఒకదాని నుంచి పూర్తిగా లేవకముందే ఇంకోటి వచ్చి అదుముతుంది, పోను పోను కిందికే కూరుకుపోతుంది. ఇది కొత్త జబ్బు. దీనికి మందు కంప్రెషన్ రెండు క్లిక్కులు. సాయంత్రమయ్యేసరికి పొద్దున కంపెనీ సెట్టింగ్ ఏదో ఎవరికీ గుర్తుండదు, బ్రేకు వదిలే పద్ధతి మాత్రం పొద్దున ఉన్నట్టే ఉంటుంది.

థ్రాటిల్ సంగతీ ఇంతే. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్ ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చేశాడు. మలుపులో ఒకసారి థ్రాటిల్ తెరిచాక, మలుపు పూర్తయ్యేదాకా దాన్ని కుదుపు లేకుండా, ఆపకుండా, సమంగా తెరుస్తూనే పోవాలన్నది ఆయన మొదటి సూత్రం. అలా తెరిస్తే బరువు సుమారు 40 శాతం ముందు చక్రానికీ 60 శాతం వెనక చక్రానికీ పంపకమై, సస్పెన్షన్ తనకి వీలైన ఎత్తులో నిలబడి పని చేస్తుందంటాడు. మనవాడు మలుపు మధ్యలో జంకి థ్రాటిల్ మూస్తాడు, ధైర్యం తెచ్చుకుని మళ్లీ తెరుస్తాడు, ఎందుకైనా మంచిదని ఇంకోసారి మూస్తాడు. బరువు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, బండి గుర్రంలా తలాడిస్తుంది. ఏ స్వీడన్ కంపెనీ తయారుచేసిన షాకబ్జార్బరు మాత్రం ఏం చేస్తుంది పాపం? ఇంకో సంగతి. టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 బరువు 174 కిలోలు. దాని మీద కూర్చున్నవాడు లెదర్ సూటు, బూట్లు, హెల్మెట్‌తో కలిపి 85 కిలోలు తూగితే, కదిలే మొత్తం బరువులో మూడోవంతు అతనే. కారులో డ్రైవరు ఇలా బరువులో వాటాదారు కాడు. ఆ మూడోవంతు సరుకు హ్యాండిల్‌ని కావలించుకుని బిగుసుకుపోయి కూర్చుంటే, ముందు చక్రం గతుకుల మీద తనంతట తాను సర్దుకునే వీలు పోతుంది. మోకాళ్లతో ట్యాంకుని పట్టి మోచేతులు వదులు చేస్తే సగం "సస్పెన్షన్ సమస్యలు" అక్కడే తీరతాయి. దానికి బిల్లు రాదు, బహుశా అందుకే విలువా లేదు.

అసలు చిక్కు కొలతలో ఉంది. గంటకి 150 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 42 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టడంలో సెకనులో పదోవంతు అటూ ఇటూ అయితే నాలుగు మీటర్ల తేడా. కొత్త రైడరు ఒక ల్యాపులో మలుపు ముందుండే గుర్తు బోర్డు రాకముందే బ్రేకు పడతాడు, ఇంకో ల్యాపులో బోర్డు దాటాక బ్రేకు పడతాడు, మరో ల్యాపులో బోర్డునే చూడడు. అలాంటివాడి ల్యాప్ టైము ఏ స్క్రూ ముట్టకపోయినా రెండు మూడు సెకన్లు ఊగిసలాడుతుంది. రెండు క్లిక్కుల వల్ల రాగల తేడా అందులో ఎక్కడ వెతకాలి? గుమ్మం జరిపిన నెలలో దసరా వచ్చి బేరాలు పెరిగితే ఆ ఘనత వాస్తుదే అయినట్టు, మధ్యాహ్నం తారు వేడెక్కి టైరు పట్టు పెరిగితే ఆ ఘనత రీబౌండ్ ఖాతాలో పడుతుంది. ఇదే కీత్ కోడ్ 1983 నాటి పుస్తకంలో రైడరు ధ్యాసను పది డాలర్ల నోటుతో లెక్కగట్టాడు. దేని మీద ఎంత ఖర్చుపెడితే మిగతావాటికి అంత తక్కువ. మనవాడు అందులో ఆరు డాలర్లు ఫోర్కు గురించి ఆలోచించడానికి పెట్టి, మలుపుకి చిల్లర విదిలిస్తాడు.

ఇక్కడ సస్పెన్షన్ పక్షంవారు మోటోజీపీ ప్రపంచ రేసుల దిగ్గజం వాలెంటినో రోసీని సాక్షిగా పిలుస్తారు. పిలవనివ్వండి, ఆయన నాకూ సాక్షే. 2003లో యమహా మోటోజీపీలో ఒక్క రేసూ గెలవలేదు. 2004లో రోసీ హోండా వదిలి యమహా ఎక్కి, దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో మొదటి రేసే గెలిచి, ఆ ఏడాది తొమ్మిది గెలుపులతో ఛాంపియన్ అయ్యాడు. నేను "చూశారా, రైడరు!" అంటాను. వాళ్లు "తనతోపాటు జెరెమీ బర్జెస్ అనే ఆస్ట్రేలియా మెకానిక్కునీ ఆయన మనుషుల్నీ తీసుకెళ్లాడు, యమహా ఇంజనూ మార్చింది, చూశారా, సెటప్!" అంటారు. సరే, 2011కి వద్దాం. అదే రోసీ, అదే బర్జెస్, ఈసారి డుకాటీ. రెండేళ్లు తంటాలు పడ్డారు, ఒక్క రేసూ గెలవలేదు. యజమానీ పండితుడూ పాతవాళ్లే, ఇల్లు మాత్రం కలిసి రాలేదు. పోనీ ఆ ఇల్లే మంచిది కాదందామా అంటే, అంతకుముందు ఏడాదే కేసీ స్టోనర్ డుకాటీ మీద మూడు రేసులు గెలిచాడు; 2007లో ఛాంపియనూ అయ్యాడు. అతని స్వారీ వేరు, ఆ బండి అతని చేతికి లొంగింది. ప్రపంచంలోకెల్లా గొప్ప మెకానిక్కుల్లో ఒకాయన, కంపెనీ మొత్తం వెనకుండి, తొమ్మిది ప్రపంచ టైటిళ్ల రైడరుకి ఆ తేడా స్క్రూలతో పూడ్చలేకపోయారని నేను ఇందులోంచి తీసే నీతి. పైగా వాళ్లు కొట్లాడింది ల్యాపుకి అర సెకను, సెకను గురించి. ల్యాపు తర్వాత ల్యాపు ఒకే చోట బ్రేకు పట్టగల చేతులు కాబట్టి ఒక క్లిక్కు తేడా వాళ్లకి తెలుస్తుంది. మనం వెనకబడింది పదిహేను సెకన్లు. అన్ని సెకన్లు దాచుకునే జాగా ఏ ఫోర్కులోనూ లేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. గోడ నిజంగానే బీటలు వారితే? అప్పుడు పిలవాల్సింది మేస్త్రీని. కంపెనీలు స్ప్రింగుని మధ్యరకం ఒళ్లున్న మనిషిని ఊహించి పెడతాయి. పెళ్లయిన పదేళ్లకి మనలో చాలామంది ఆ ఊహకి అందని ఎత్తుకి ఎదుగుతాం. వంద కిలోల మనిషి కింద ఆ స్ప్రింగు సగం దారి ముందే కుంగిపోతే, ఎంత నేర్పరికైనా బండి మాట వినదు. అందుకే సాగ్, అంటే మనిషి కూర్చుంటే సస్పెన్షన్ ఎంత దిగుతుందో, కొలవాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, రైడరు పూర్తి సూటు వేసుకుని కూర్చోవాలి, మూడోవాడు టేపు పట్టి, ఖాళీ ఫోర్కు ఎంత పొడవుండేదో, ఇప్పుడు ఎంత దిగిందో చూడాలి. సుమారు 120 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కుకి ముప్పై, ముప్పై ఐదు దిగితే బాగున్నట్టు. ప్రీలోడ్ ఎంత తిప్పినా ఆ అంకెల్లోకి రాకపోతే స్ప్రింగే మార్చాలి. సీలు కారుతున్నా, నూనె ఏళ్ల తరబడి మార్చకపోయినా బాగు చేయించాలి. ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై కడితే ఎంతవరకు కుంగుతోందో అదే గుర్తు పెడుతుంది, ఖర్చు రూపాయో రెండో. ఇదంతా ఒక పూట పని, ఒకసారి పని. దీన్ని నేను సెటప్ అనను, బాగోగులు అంటాను. ఇది చేయించుకున్నవాడు తర్వాత వారం వారం తిప్పే క్లిక్కుల గురించే నా గొడవంతా.

నమ్మకం మాటేమిటని అడిగేవారున్నారు. సెట్టింగ్ మారిందని తెలిస్తే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే వేగం వస్తుంది కదా అని. వస్తుంది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌ని గాలిలో తిప్పి "అయిపోయిందన్నా" అంటే రైడరు వెళ్లి ఇంకా వేగంగా తిరిగొచ్చాడన్న కథ రేసుల లోకంలో చాలా పాతది. అది నిజమో కాదో గాని, నిజమైతే నా వాదనకే బలం. ఇంక ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ గురించి రెండే మాటలు: అది డాంపింగ్‌ని కన్ను మూసి తెరిచేలోగా మారుస్తుంది, స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు, మీ వేళ్లని అసలే మార్చదు. మోటోజీపీలో దాన్ని వాడనివ్వరు, అయినా ఆ బళ్ల కంటే వేగంగా ట్రాక్ చుట్టే మోటార్‌సైకిళ్లు లేవు. ఇన్ని తెలిసీ జనం లక్షలు పోసి ఫోర్కులెందుకు కొంటారంటే, దానికి కారణం సాంకేతికం కాదు. బంగారు రంగు ఫోర్కు ఫొటోలో పడుతుంది. మెత్తగా వదిలిన బ్రేకు ఏ ఫొటోలోనూ పడదు.

కాబట్టి ట్రాక్ దారి పట్టే తమ్ముళ్లకి నా మనవి. టైర్లలో గాలి చూసుకోండి, సాగ్ కొలిపించండి, ఆ తర్వాత స్క్రూడ్రైవర్‌ని డిక్కీలో పడేసి తాళం వేయండి. మిగిలిన డబ్బుతో నేర్పేవాణ్ణి పెట్టుకోండి. ప్రతి ల్యాపు టైమూ కాగితం మీద రాయండి. వరసగా పది ల్యాపులు అర సెకను తేడాలోపు వచ్చిన రోజున డిక్కీ తెరిచి, ఒక్క స్క్రూ, ఒక్క క్లిక్కు తిప్పి చూడండి. ఆ రోజు మీరు చెప్పే మాట మెకానిక్ నవ్వకుండా వింటాడు.