నల్లా నుంచి నోటి దాకా

నేను నీళ్ల బిందెను. నార్కట్‌పల్లి ఇళ్లలో నా బతుకంతా నల్లాకూ నోటికీ మధ్యనే. నల్లగొండ జిల్లాలో నీళ్ల మాటెత్తితే ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది, రావాలి కూడా. బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, నడుములు వంగి, కాళ్లు వంకరపోయిన తరాలున్న నేల ఇది. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నీరి అనే పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పడింది. తర్వాత ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చింది, దాని పైలాన్‌ను 2015 జూన్‌లో మాకు దగ్గరి చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు ఇంత దూరం వచ్చి, నాలో చేరాక చెడిపోతే ఆ కష్టమంతా వృథాయే.

చెడిపోవడానికి ఒక్క చెయ్యి చాలు. గ్లాసు పట్టుకుని ముంచితే వేళ్లు కూడా నీళ్లలో మునుగుతాయి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో కలకత్తా బస్తీల అధ్యయనం ఒకటి వచ్చింది. కలరా సోకిన ఇళ్లలో కొన్నింటికి సన్న మూతి కుండలిచ్చారు. ఇవ్వని ఇళ్లలో 17.3 శాతం మందికి క్రిములు సోకితే, ఇచ్చిన ఇళ్లలో 4.4 శాతం మందికే సోకాయి. ఊరి నీళ్లు అవే, కుండలో చెయ్యి పెట్టే వీలు పోయిందంతే. నాది అంత సన్న మూతి కాదు కాబట్టి నాకు మూత కావాలి, పొడుగు కాడ ఉన్న గంటె కావాలి. ఆ గంటె నేల మీద కాకుండా మేకుకు వేలాడాలి.

ఇంట్లో ఫిల్టరుంది, డబ్బా నీళ్లు తెచ్చుకుంటున్నాం, ఇవన్నీ ఎందుకంటారు కొందరు. ఫిల్టరు తన గొట్టం దాకానే కాపాడుతుంది. నల్లా నీళ్లలో కాస్త క్లోరిన్ మిగిలి ఉంటుంది, ఆర్వో నీళ్లలో అదీ ఉండదు. తర్వాత చెయ్యి తగిలితే అడ్డుకునేదేమీ లేదు. మరగబెడితే సరిపోదా అంటే, క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది. బోరు నీళ్లే తాగేవాళ్లు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి.

వాకిట్లో డ్రమ్ము సంగతి వేరు. డెంగీ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. నీళ్లు పారబోస్తే పోవు, వారానికోసారి పీచు పెట్టి గట్టిగా రుద్దాలి.

ఇదంతా ఆడవాళ్ల మీద మరో చాకిరీ కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. నీళ్లు పట్టేది, మోసేది, తోమేది చాలా ఇళ్లలో వాళ్లే. అందుకే అడుగుతున్నాను: తాగినవాళ్లే మూత పెట్టాలి, గంటె మేకుకు తగిలించాలి, డ్రమ్ము రుద్దే పని ఇంటి మగవాళ్లు ఎత్తుకోవాలి.