‘నష్టపరిహారము చెల్లించబడును’: టీకా తాత్పర్యం

మూలం:
సదరు భూములకు నష్టపరిహారము సొలేషియముతో సహా అర్హులైన వారికి నిబంధనల మేరకు చెల్లించబడును.

అవతారిక:
ఇది గద్యం. కవి అజ్ఞాతుడు. నెల్లూరు తీరాన రేవు రానీ, రోడ్డు రానీ, పవర్ ప్లాంటు రానీ, వాటికంటే ముందు ఈ వాక్యం వస్తుంది. కొన్ని ప్రతుల్లో ‘త్వరలో’ అనే మాట అదనంగా కనబడుతుంది గానీ, అది ప్రక్షిప్తమని పెద్దల మతం.

టీక:
సదరు = పైన చెప్పిన; పైన ఏమీ చెప్పకపోయినా సరే.

నష్టపరిహారము = పోయిన నేలకు సర్కారు కట్టే వెల. చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన అమ్మకాల దస్తావేజులు తిరగేసి దీన్ని తేలుస్తారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని అప్పట్లో తక్కువ రాయించుకున్న ఆ దస్తావేజులే ఇప్పుడు రైతుకు ఎదురు సాక్ష్యం చెబుతాయి.

సొలేషియము = ఓదార్పు సొమ్ము. ఇష్టం లేకపోయినా అమ్మక తప్పనందుకు వెలకు పైన ఇచ్చేది. మొత్తం వాక్యంలో కరుణరసం ఉన్నది ఈ ఒక్క మాటలోనే. రసపోషణ క్రమం గమనించదగ్గది: 1894 భూసేకరణ చట్టంలో నూటికి 15, 1984 సవరణలో 30, 2013 చట్టంలో నూటికి నూరు. అంటే నేల ఎంతో దుఃఖమూ అంతే. తొంభై ఏళ్లపాటు మనవాళ్లు పదిహేను పైసల వంతునే ఏడ్చారని చరిత్రకారులు రాసుకోవచ్చు.

అర్హులైన వారికి = ఇక్కడ వ్యాఖ్యాతలు తగువులాడుకుంటారు. పట్టా ఉన్నవాడే అర్హుడని పూర్వపక్షం. మరి పట్టపుపాళెం జాలరి మాటేమిటి? సముద్రానికి పాసుపుస్తకం లేదు కదా! 2013 చట్టం బాధిత కుటుంబాల్లో జాలర్లనూ పడవవాళ్లనూ చేర్చింది. నేల వెల రాకపోయినా పునరావాసంలో వాటా రావాలి. షరతల్లా, భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ నీళ్లే ప్రధాన జీవనాధారమై ఉండాలి. వేటకు పోయొచ్చిన దినాలకు హాజరుపట్టీ ఎవడు రాశాడు?

నిబంధనల మేరకు = ఆఫీసు వాళ్లకు తెలుసు.

చెల్లించబడును = కర్మణి ప్రయోగం. చెల్లించేదెవరో అడగరాదు.

తాత్పర్యం:
నేల ఇప్పుడు, డబ్బు తర్వాత.

విశేషాంశాలు:
పరిహారం హక్కుగా అడిగేది. ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది; అడగొచ్చు, నిలదీయలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినందుకు ఇచ్చేది ఈ రెండూ కాదు, భృతి. 2025లో అది పది వేల నుంచి 20 వేలు అయింది. డ్యామేజీలు మాట తప్పినవాడి దగ్గర రాబట్టేవి. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను చూడండి. అదే చట్టం 124లో ఇండెమ్నిటీ ఉంది. మనుషుల చేతల వల్ల వచ్చే నష్టానికే ఆ పూచీ. తుపాను మనిషి కాదు.

రొయ్యల చెరువుల కేసు ఒక అపూర్వ ప్రయోగం. చెరువుల ఉప్పుతో తాగునీళ్లు చెడిన ఊళ్లలో నెల్లూరు జిల్లా కుర్రు పేరు అందులో వినబడింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు, చెడగొట్టినవాడే కట్టాలంది. పులికాట్ సరస్సు చుట్టూ వెయ్యి మీటర్ల లోపల చెరువులు కూడదంది. మూతపడే చెరువుల కూలీలకు చట్టప్రకారం వచ్చేది కాక, ఇంకో ఆరేళ్ల జీతం ఇమ్మంది. పట్టా లేనివాడికి పరిహారం అంత ధారాళంగా రాసిన తీర్పులు అరుదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకు అండగా నిలిచింది. ఆరేళ్ల జీతం న్యాయశాస్త్ర గ్రంథాల్లో భద్రంగా ఉంది.

ఇక తమిళనాడు నుంచి కడలూరు బోట్లు వచ్చి వలలు తెంచిపోతే ఏ పదం వాడాలి? మూలంలో లేదు. ఇస్కపల్లి, జువ్వలదిన్నె వైపు అలాంటి బోటు దొరికితే ఒడ్డుకు లాగి కట్టేస్తారు. పెద్దలు కూర్చుని వల ఖరీదు తేలుస్తారు. సొమ్ము చేతికొచ్చాకే మోకు విప్పుతారు.