బిగించకండి, అతికించకండి

వినైల్ పలకల నేల సొంతంగా వేసుకోబోయేవాళ్లకి నా సలహాలు మూడు. పలకలు ఇంటికొచ్చాక మూడు వారాలు ఒక్కటి కూడా వేయకండి. వేసేటప్పుడు గోడకి ఆనించకండి. కిందా పక్కనా దేనికీ అతికించకండి. ఇళ్లు కట్టడం చూస్తూ పెరిగిన మనవాళ్లకి ఇవి తలతిక్క సలహాల్లాగే వినిపిస్తాయి. మా మామయ్యగారికీ అలాగే వినిపించాయి.

ఆయనది ఖమ్మం. సొంతింటికి తాండూరు బండలు దగ్గరుండి వేయించుకున్న మనిషి. బండ కింద మాలు నిండుగా ఉండాలి, తట్టి చూస్తే డొల్ల మోత రాకూడదు, గోడ పక్కన సందు కనిపించకూడదు. నిరుడు ఆయన డాలస్ పక్కనున్న మా ఇంటికి వచ్చినప్పుడు కార్పెట్ పీకేసి, ముందు గదిలో ఇద్దరం కలిసి వినైల్ వేశాం. "సందు ఎందుకు బాబూ, చీమలు చేరడానికా?" అన్నారు. నాకూ ఆ మాట నచ్చింది. అట్టపెట్టె మీద రాసిన సూచన చదివి కూడా గోడకి గట్టిగా ఆనించేశాను.

జులైలో ఒక మధ్యాహ్నం పెరటి అద్దాల తలుపు దగ్గర రెండు పలకలు అంచులు కలిసినచోట వేలెడెత్తు లేచి నిలబడ్డాయి. కాలితో అదిమితే దిగుతాయి, కాలు తీస్తే మళ్లీ లేస్తాయి. తెర వేయని అద్దంలోంచి ఎండ పొద్దుటి నుంచీ అక్కడే పడుతోంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. సున్నపురాయి పొడినీ పీవీసీనీ కలిపి చేసిన ఈ క్లిక్ పలకలు ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో టిక్కున కూర్చుంటాయి. అన్నీ కలిశాక గది మొత్తానికీ ఒకటే పెద్ద చాప. కింది కాంక్రీటుతో ఆ చాపకి ఏ సంబంధమూ ఉండదు. వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సాగడానికి గోడ పక్కన చోటు లేకపోతే పైకి లేస్తుంది. ఆ చోటు పావు అంగుళం. కొన్ని రకాలకి ఇంకా ఎక్కువ కావాలి, పెట్టె మీద రాసి ఉంటుంది. గోడలకే కాదు, ద్వారబంధాల దగ్గరా, పైపుల చుట్టూ కూడా వదలాలి.

అందుకే వంటింటి అల్మరాలు ఈ నేల మీద పెట్టి బిగించకండి. ముందు అల్మరాలు, తర్వాత వాటి చుట్టూ పలకలు. పూజ మందిరం కదులుతోందని స్క్రూతో నేలలోకి దింపకండి, గోడకి బిగించండి. ఒక్క స్క్రూ చాలు, చాప మొత్తం అక్కడ ఆగిపోతుంది.

ఇక మూడు వారాల సంగతి. శని, ఆదివారాలు మాత్రమే చేతికి దొరికే ఉద్యోగస్తులకి అడుగు నేల సరిచేయడానికే అంత పడుతుంది, పట్టాలి కూడా. కార్పెట్ తీశాక గోడల వెంట మేకుల పట్టీలుంటాయి. అవి పీకినచోట కాంక్రీటు పెచ్చులు లేచి గుంటలు పడతాయి. మామయ్యగారు రసమట్టం అడిగారు, కానీ ఇక్కడ కావలసింది మట్టం కన్నా సాపు. నేల ఒకవైపు కాస్త వాలినా పలకకి బాధ లేదు. గుంటా గుబ్బా ఉంటేనే బాధ. పదడుగుల తిన్నని అల్యూమినియం పట్టీని నేల మీద నిలబెట్టి, గదిలో దీపాలార్పి, వెనక నుంచి టార్చి వేయండి. పట్టీ కింద ఎక్కడ వెలుతురు గీతలా కారుతుందో అక్కడ గుంట. పది అడుగుల్లో అయిదు మిల్లీమీటర్ల లోపు తేడానే చాలా పలకలు ఓర్చుకుంటాయి. అంతకన్నా లోతుంటే అడుగు పడినప్పుడల్లా పలక ఊగి, గాడిలోని సన్నటి అంచు కొన్నాళ్లకి విరిగిపోతుంది. గుంటల్లో సెల్ఫ్ లెవలింగ్ పొడి కలిపి పోయండి. గుబ్బల్ని గ్రైండర్‌తో అరగదీయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. మంచి మాస్కు లేకుండా, గ్రైండర్‌కి వాక్యూమ్ తగిలించకుండా ఆ పని ముట్టుకోకండి.

కాంక్రీటు చెమ్మ కూడా చూసుకోండి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు కింద తడి కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా పని ఆపండి. 1980కి ముందు కట్టిన ఇంట్లో కార్పెట్ కింద తొమ్మిది అంగుళాల పాత టైల్స్ కనిపిస్తే పీకకండి, వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించండి.

మెత్తగా ఉంటుందని కింద అదనంగా ఫోమ్ పరచకండి. పలక అడుగున ఫోమ్ ఇప్పటికే అతికించి ఉంటే రెండో ఫోమ్ గాడుల్ని విరగ్గొడుతుంది. పెట్టెల్ని గదిలోనే రెండు రోజులు పడుకోబెట్టి, నాలుగు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి వేయండి, రంగు తేడాలు కలిసిపోతాయి. పక్క వరుసల అతుకులు కనీసం ఎనిమిది అంగుళాలు ఎడంగా ఉండాలి. అంతా అయ్యాక రబ్బరు అడుగున్న కాళ్లపట్టాలు వేయకండి, పోని పసుపు మరక పడుతుంది.

లేచిన నేలని సరిచేయడానికి మేం గోడ అడుగున సందుని కప్పే బేస్‌బోర్డు చెక్కలన్నీ ఊడదీసి గోడ పక్క వరుసలు మళ్లీ కోశాం. ఈసారి మామయ్యగారు కోతలో మిగిలిన పలక ముక్కల్నే గోడ వెంట వరసగా నిలబెట్టారు. పలక మందం ఆరు మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు పావు అంగుళం. చివరి పలక కూర్చున్నాక ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటే లాగేసి, "ఇప్పుడు పెట్టు చెక్క" అన్నారు. బేస్‌బోర్డు మేకుల్ని కాస్త పైగా, గోడలోకే కొట్టాను. మళ్లీ బిగిస్తానేమోనని ఆయన పక్కనే గొంతుక్కూర్చుని ప్రతి మేకునీ చూశారు.