పాత ఆర్ఎక్స్ 100ని ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే: తొమ్మిది తలకిందుల సలహాలు

మేడమెట్ల కిందో గొడ్లచావిడి మూలనో దుమ్ము పట్టి ఉన్న యమహా ఆర్ఎక్స్ 100ని ఇంటికి తెచ్చుకున్నారంటే, దాని వెనకే సలహాలూ వస్తాయి. ముందు కిక్ కొట్టి చూడమంటారు. బోరు చేయించమంటారు. రంగు కొట్టించి సైలెన్సర్ మార్చేయమంటారు. చెప్పేవాళ్లంతా బండి మీద ప్రేమతోనే చెబుతారు. నేను మాత్రం వాటికి సరిగ్గా ఎదురు చెబుతాను. వినగానే తప్పనిపించినా, ఒక్కో మాటా ఆలోచించి చెబుతున్నదే.

కారణం ఒక్కటే: ఈ బండ్లు ఇక తయారు కావు. ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా 1985లో మొదలుపెట్టి 1996లో ఆపేసింది. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్, అటూ ఇటూగా నూరు కిలోల బరువు. ఆ కొద్ది బరువే దాని చురుకుదనానికి మూలం. అప్పుడు తయారైనవే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. విప్పనిదాన్ని ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కోసేసినది మాత్రం మళ్లీ రాదు. సలహాలన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

1. కిక్ కొట్టకండి

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడకు సన్నగా తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు గాడుల్లో బిగుసుకుంటాయి. బలంగా ఒక్క కిక్ పడితే బాగుండాల్సిన సిలిండర్‌కే గీతలు పడతాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కాస్త డీజిల్, కాస్త 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి, నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత నాలుగో గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. కదలకపోతే ఇంకో వారం ఆగండి.

ఇంజిన్ తిరిగినా వెంటనే స్టార్ట్ చేయకండి. ఆయిల్ పంపు గొట్టంలో గాలి చేరి ఉంటే ఆయిల్ ఇంజిన్‌కి అందదు, నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. గాలి పూర్తిగా తీశామని నమ్మకం కుదిరేదాకా పెట్రోల్లోనే లీటరుకి 30 మి.లీ. చొప్పున 2టీ ఆయిల్ కలపండి. పొగ ఎక్కువొచ్చినా పరవాలేదు.

2. బండి మొత్తం ఒక్కసారే విప్పకండి

ఇంటి దగ్గర మొదలైన పనులు చాలావరకు ఆగిపోయేది గోనెసంచి దగ్గరే. ఒక ఆదివారం ఉత్సాహంగా అంతా విప్పేస్తారు. నట్లు, బోల్టులు, వైసర్లు ఒకే సంచిలో పడతాయి. మూడు నెలల తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు, చివరికి బండి పార్టుల లెక్కన అమ్ముడుపోతుంది. కాబట్టి ఒక భాగం విప్పండి, బాగుచేయండి, బిగించండి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లండి. విప్పేముందు ఫొటో తీసుకోండి. ప్రతి జాగా నట్లకూ వేరే కవరు పెట్టి పేరు రాయండి.

స్క్రూల విషయంలో ఇంకో జాగ్రత్త. ఇంజిన్ కవర్ల మీది ప్లస్ స్క్రూలు జపాన్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. జారి తలను తినేస్తుంది. జపాన్ కొలత బిట్టు, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు కొనుక్కోండి. ఖర్చు పెట్టాల్సిన మొదటి పనిముట్టు అదే.

3. ఇంజిన్ కంటే ముందు కాగితాలు బాగుచేయండి

పానా పట్టకముందే ఆర్సీ చూడండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. పాత పుస్తకం ఆర్సీ అయితే అది ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కిందో లేదో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోలాలి. అవి సరిపోలని బండి మీద ఎంత పోసినా రోడ్డెక్కే హక్కు రాదు. ఫ్రేముకి ఇసుక కొట్టించి పౌడర్ కోటింగ్ చేయిస్తే ఛాసిస్ నంబరు పూడుకుపోయే ప్రమాదం ఉంది. నంబరున్న చోట టేపు అంటించకుండా ఫ్రేమును ఎవరి చేతికీ ఇవ్వకండి.

4. మెకానిక్ అడిగినా బోరు చేయించకండి

పొగ కనపడగానే బోరు పోయిందంటారు. ముందు ఆ పొగ ఎక్కడిదో తేల్చండి. క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్‌ని లోపలికి పీల్చి కాలుస్తుంది. తెల్లపొగ ఆగదు, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. ఈ రెండింటికీ బోరు మందు కాదు, కొత్త సీళ్లే మందు.

ఈ ఇంజిన్ బోరు 50 మి.మీ., స్ట్రోకు కూడా 50 మి.మీ. పిస్టన్లు పావు మి.మీ. చొప్పున పెద్దవి దొరుకుతాయి, సాధారణంగా ఒక మి.మీ. దాకా. అంటే ఆ సిలిండర్ నాలుగు బోర్లు మాత్రమే తట్టుకుంటుంది. మీకంటే ముందు ఎవరో రెండు వాడేసి ఉండొచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పనివాళ్లు బోర్ గేజ్ పెట్టి అరుగుదల చూసి చెబుతారు. ఆ కొలత మీ కళ్లతో చూసుకున్నాకే ఒప్పుకోండి. కొత్త రింగులతో సరిపోయే చోట ఒక బోరు మిగిలిందంటే, బండికి ఇంకొన్నేళ్ల ఆయుష్షు మిగిలినట్టే.

5. చప్పుడు తగ్గించండి

సైలెన్సర్‌లో బాఫిల్ పీకేస్తే వేగం పెరుగుతుందని నమ్మేవారు ఊరికి పదిమంది ఉంటారు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో సైలెన్సర్ అలంకారం కాదు, ఇంజిన్‌లో భాగం. బయటికి పోయే పొగ దాని లోపలి ఆకారానికి తగిలి ఒక ఒత్తిడి అలగా వెనక్కి వస్తుంది. ఎగ్జాస్ట్ ద్వారం మూసుకునే ముందు, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని అదే తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ కొలతలు చెడగొడితే చప్పుడు పెరిగి లాగుడు తగ్గుతుంది. దానికి తగ్గట్టు జెట్ మార్చకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్‌కే ముప్పు.

కంపెనీ సైలెన్సర్ ఉంటే దాన్నే శుభ్రం చేయండి. బాఫిల్‌కి పేరుకున్న మసి గీకి తీయండి. చాలా బండ్లలో పోయిందనుకున్న పికప్ అంతా ఆ మసి కిందే ఉంటుంది.

6. రంగు వేయించకండి

అందరూ కొట్టిపారేసే సలహా ఇదే, నేను గట్టిగా పట్టుబట్టేదీ ఇదే. ఫ్యాక్టరీ రంగు ఒక్కసారే పడుతుంది. మోకాళ్లు ఒరిసి ట్యాంకు మీద వెలిసిన మచ్చ, పాత స్టిక్కరు అంచు, సైడు కవరు మీది గీత ఆ బండి నడిచిన ఏళ్లకు సాక్ష్యాలు. షాంపూ నీళ్లతో కడగండి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తగా రుద్దండి, మైనం పట్టించండి. తుప్పున్న చోట సన్న స్టీల్ ఉన్ని, నూనె వాడండి. సగం రంగు మిగిలినా దాన్ని ఉంచండి. రేకు కనిపించే చోట మాత్రం తుప్పు ఆగేలా పూత వేయండి.

7. రంగు డబ్బు టైర్లకూ బ్రేకులకూ పెట్టండి

మెరిసే బండిని అరిగిన డ్రమ్ బ్రేకులతో నడపడం ప్రాణాలతో ఆట. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు బాగున్నా పాతబడిన రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది. బ్రేకు లైనర్లు, కేబుళ్లు, చక్రాల బేరింగులు కొత్తవి వేయండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ పొడిని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

8. ట్యాంకు నింపి పెట్టకండి

ట్యాంకు నిండుగా ఉంటే తుప్పు పట్టదన్నది పెద్దవాళ్ల మాట. ఆనాటి పెట్రోలుకి అది సరిపోయింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలనూ సీళ్లనూ చెడగొడుతుంది. నెలల తరబడి నడపరంటే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేసి, ట్యాంకు లోపల 2టీ ఆయిల్ పోసి అంతటా అంటేలా తిప్పండి. గొట్టాలు ఇథనాల్‌ని తట్టుకునేవి వేయండి. ఇంకొకటి: ఖాళీ ట్యాంకుని వెల్డింగ్‌కి ఇవ్వకండి. పెట్రోలు లేకపోయినా ఆవిరి మిగులుతుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

9. సోకులు చేయండి, రంపం మాత్రం ముట్టకండి

కస్టమ్ చేయొద్దని చెప్పను. హ్యాండిల్ మార్చుకోండి, సీటు కుట్టించుకోండి, అద్దాలు పెట్టుకోండి. ఒక సాయంత్రం కూర్చుని పానాలతో వెనక్కి తీసుకోగలిగిన మార్పులన్నీ మీ ఇష్టం. ఫ్రేము వెనకభాగం కోసి కెఫే రేసర్ చేయడం, వేరే బండి ఇంజిన్ ఎక్కించడం ఆ లెక్కలోకి రావు. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట తేల్చి చెప్పింది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. మొదటి ఆర్ఎక్స్ 100లకు 2035లో యాభై నిండుతుంది. తీసిన ప్రతి అసలు పార్టునీ నూనె రాసి దాచండి. ఏ రోజు ఏం మార్చారో, ఏ సైజు పిస్టన్ వేశారో ఒక నోటుపుస్తకంలో రాయండి. మీ తర్వాత బండి ఎవరి చేతికి వెళ్లినా, ఆ పార్టుల పెట్టె, ఆ పుస్తకం తాళంచెవితో పాటే ఇవ్వండి.