మళ్లీ రన్ చెయ్యి బాబూ!

కంచికచర్లలో బస్సెక్కి అమీర్‌పేటలో దిగే ఇంజినీరింగ్ కుర్రాడికి మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ ఒకే వరం ఇస్తాయి: డెవాప్స్ నేర్చుకో, ఇక సర్వర్లు వాటంతటవే సర్దుకుంటాయి. వరం నమ్మి ఉద్యోగంలో చేరాక, సర్వర్లను సర్దే ఆన్సిబుల్ నడిపితే ఏదో ఒక ప్యాకేజీ ఎక్కదు. తెర నిండా ఎర్ర అక్షరాలు. పక్క సీటు సీనియర్ తలెత్తకుండానే మందు చెబుతాడు: "మళ్లీ రన్ చెయ్."

ఆన్సిబుల్, దాని జాతివే అయిన పప్పెట్, షెఫ్‌ల గురించి క్లాసులో మొదట బట్టీ పట్టించేది ఐడెంపొటెన్సీ. అంటే ఎన్నిసార్లు నడిపినా సర్వర్ చేరే స్థితి ఒక్కటే. అది అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే ఈసారి ఫలితం మారుతుందేమోనని అదే ప్లేబుక్‌ను, అంటే ఆన్సిబుల్‌కు రాసిచ్చిన పనుల జాబితాను, పొద్దుణ్నుంచీ నడుపుతుంటారు.

పాపం, ఒక్కోసారి మారుతుంది కూడా. ఉబుంటులో అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ తన పనిలో తానుండి ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ లాక్ పట్టుకుని కూర్చుంటుంది. అది వదిలాక రన్ పచ్చబడుతుంది, సీనియర్ మహిమ పెరుగుతుంది. లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగు ఆన్సిబుల్ ఏపీటీ మాడ్యూల్లోనే ఉందన్న సంగతి మహిమకు అడ్డమని కాబోలు, ఎవరూ ఎత్తరు.

మహిమ పనిచెయ్యకపోతే ఇగ్నోర్ ఎర్రర్స్. ఆ ఒక్క లైను చేరిస్తే చివరి లెక్కలో ఫెయిల్డ్ సున్నా, ఇగ్నోర్డ్ ఒకటి. మేనేజరు చూసేది సున్నానే. పైథాన్ ప్యాకేజీలదీ ఇదే కథ. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఏదీ ఎక్కించనివ్వదు. కాదూ కూడదంటే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఫ్లాగు ఇమ్మంటుంది. చూసి భయపడతారని పెట్టిన పేరు. మనవాళ్లు దాన్ని ప్లేబుక్‌లో శాశ్వతంగా ప్రతిష్ఠించారు.

మన కుర్రాడి కంచికచర్ల పక్కనే ఉన్న చెవిటికల్లు పొలాల్లో మోటారు స్టార్టర్‌కూ పచ్చ మీట, ఎర్ర మీట ఉంటాయి. మోటారు తిరక్కపోతే ఏ రైతూ పచ్చ మీట నొక్కుతూ కూర్చోడు. త్రీఫేజ్ వచ్చిందా, ఫ్యూజు పోయిందా అని చూసుకుంటాడు. ఆన్సిబుల్, పప్పెట్ ఆ స్టార్టర్లే. ప్యాకేజీ ఎక్కించేది ఏపీటీ, యమ్, డీఎన్ఎఫ్. కారణం చెప్పేదీ అవే. పప్పెట్‌లో ఒక ప్యాకేజీ ఫెయిలైతే దాని మీద ఆధారపడినవన్నీ 'స్కిప్పింగ్' అంటూ వరస కడతాయి. అసలు మాట పైనెక్కడో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పడేది మాత్రం ఆఖరి లైను స్క్రీన్‌షాట్.

సెంటోస్ 7కు 2024 జూన్ 30తో గడువు తీరింది. ఆ వెంటనే దాని మిర్రర్‌లిస్ట్ చిరునామా కూడా పోయింది. ఆ హోస్ట్ దొరకలేదని యమ్ స్పష్టంగానే మొత్తుకుంది. చదివినవాళ్లు రిపో ఫైలును పాత సరుకుండే వాల్ట్‌కు మళ్లించి, కొత్త ఓఎస్‌కు మారే పని మొదలెట్టారు. చదవనివాళ్లు నెట్‌వర్క్ టీమ్‌కు టికెట్ వేశారు. వాళ్లు గూగుల్‌ను పింగ్ చేసి, వస్తోందిగా అని టికెట్ మూసేశారు.

ఇంకో తెగ 'లేటెస్ట్' భక్తులది. వెర్షన్ నంబరు రాయడం వీళ్లకు నామోషీ. 2024 మార్చి 29న ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టినప్పుడు, పాత వెర్షన్‌తోనే ఉన్న డెబియన్ స్టేబుల్ వాళ్లు నిశ్చింతగా పడుకున్నారు. 2023 మార్చి 8న డేటాడాగ్‌లో అయితే, ఎవరూ అడక్కుండానే ఉబుంటు 22.04 యంత్రాల్లో సిస్టమ్‌డీ అప్‌డేట్ అయి, నెట్‌వర్క్ రూట్లు తుడిచిపెట్టింది. సర్వర్ల ఆరోగ్యం కనిపెట్టడమే వ్యాపారమైన కంపెనీ తానే మంచాన పడింది. లేచాక ఆ ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపేసింది.

మొరాయించిన ఒక్క యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, అదే ప్యాకేజీని అదే యూజర్‌తో చేత్తో ఎక్కిస్తే చాలాసార్లు జబ్బు అక్కడే తేలుతుంది: డిస్కు నిండిందో, జీపీజీ కీ గడువు తీరిందో, ప్రాక్సీ అడ్డుపడిందో. కాకపోతే మర్నాడు స్టాండప్ మీటింగులో "ఎర్రర్ చదివాను" అని చెప్పుకోవాలి. "ప్లేబుక్ ఆప్టిమైజ్ చేశాను" అన్నంత దర్జాగా వినపడదు మరి.