ఎడారిలో స్వెట్టరు

మా పుట్టిల్లు ఆత్మకూరు, మెట్టినిల్లు ఉదయగిరి. వియ్యంకుల మధ్య వేరే తగాదాలేవీ లేవుగానీ, ఎవరి ఊరి ఎండ ఎక్కువ అన్నదాని మీద మాత్రం ఏటా మాటా మాటా వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలేది మా దగ్గరేనని మా నాన్న. ఆ రోళ్ళకు రాయిచ్చిందే మా కొండ అని మా మామగారు. ఈ రెండు ఎండల్లోనూ ఎండినదాన్ని కాబట్టి, మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఇద్దరు పిల్లలతో జూన్‌లో దుబాయిలో దిగినప్పుడు నాకు దిగులేమీ కలగలేదు.

మనవైపు ఎండకు కాస్త నీతి ఉంది. నడినెత్తిన మొత్తుతుంది, వేపచెట్టు కిందికి జరిగితే వదిలేస్తుంది. సముద్రాన్ని ఒళ్ళో పెట్టుకున్న ఈ ఊళ్ళో నీడక్కూడా చెమట పడుతుంది. మాల్ లోంచి బయట కాలు పెట్టీ పెట్టగానే నా కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. తుడిచి పెట్టుకునేలోగా చిన్నవాడు మాయం. చూస్తే మళ్ళీ లోపలే ఉన్నాడు. దగ్గరికెళితే తలుపు దానంతటదే తెరుచుకోవడం వాడి లెక్కలో దుబాయిలోకెల్లా పెద్ద వింత. దానికి టికెట్టు లేకపోవడం మా అదృష్టం.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో ఎవరి చేతా పని చేయించకూడదని ఇక్కడ చట్టం. చాలా మంచి చట్టం. పిల్లలకు ఊరు చూపించే తల్లిదండ్రులను కూడా అందులో చేరిస్తే ఇంకా బాగుండేది.

ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "గ్లోబల్ విలేజ్ చూశారా? మిరకిల్ గార్డెన్ చూశారా?" అనేవాళ్ళే. ఎండాకాలం ఆ రెండూ మూసేస్తారు. మూయనివన్నీ నాలుగు గోడల మధ్య, ఏసీలో ఉంటాయి. ఆ ఏసీకి పిల్లల పళ్ళు టకటకలాడి, బయట నలభై నాలుగు డిగ్రీలు కాస్తుంటే లోపల స్వెట్టర్లు కొన్నాం. ఆత్మకూరులో సంక్రాంతికి కూడా వాటి అవసరం పడలేదు.

మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచీ మంచు కురిపిస్తున్నారు. స్కీ దుబాయి అంటారు. లోపల సున్నాకి దిగువన చలి, పెంగ్విన్లు, జారుడు గుట్ట. చిన్నవాడు దోసిట్లోకి మంచు తీసుకుని, చుట్టూ చూసి, "అమ్మా, ఇక్కడ ఎర్ర రంగు ఎవరు పోస్తారు?" అన్నాడు. బస్టాండు దగ్గర ఐస్ గోలా తిన్న ప్రాణం మరి.

బుర్జ్ ఖలీఫా ముందు నిలబడి మా అత్తగారికి వీడియో కాల్ చేశాం. ఎనిమిది వందల ఇరవై ఎనిమిది మీటర్లు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అని మా ఆయన సొంత ఇల్లు చూపించినంత గర్వంగా చెప్పారు.

"అడుగుల్లో చెప్పు నాయనా."

"రెండువేల ఏడువందల చిల్లర."

"ఓస్! మన కొండ మూడువేలు దాటి ఉండాది గదా!"

సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఆమె మాట అక్షరాలా నిజం. పైగా ఆ కొండమీది కోట కోసం కృష్ణదేవరాయల వారే 1513లో ముట్టడి మొదలుపెట్టి, 1514లో గాని పట్టలేకపోయారు. ఇక్కడ లిఫ్టు నిమిషంలో నూట ఇరవై నాలుగో అంతస్తుకు చేరుస్తుంది. ఆ లిఫ్టు దాకా చేర్చే వరుసలో నిలబడితే మాత్రం రాయలవారి ఓపిక ఎంతటిదో తెలిసొస్తుంది.

మెట్రో సంగతి వేరు. 2009 నుంచి డ్రైవరు లేకుండానే నడుస్తోంది. అందులో ఏమైనా తింటే నూరు దిర్హాముల జరిమానా. ఆ బోర్డు మా పెద్దది చదువుతూ ఉండగానే సంచిలోంచి 'కరక్' మని శబ్దం. అత్తగారు కట్టిచ్చిన మనుగుబూలు. పెట్టె పెట్టెంతా మావైపు తిరిగింది. సగం కొరికింది చిన్నవాడి నోట్లో, మిగతా సగం నా పిడికిట్లో, మూడు స్టేషన్ల దాకా నమలకుండా బుగ్గలో దాచుకోమని వాడిని కళ్ళతోనే బతిమాలడం.

ఇంత తిరిగాక నా తీర్పు అడిగితే, మొదటి మార్కు పడవకే. పొద్దు వాలాక బర్ దుబాయి ఒడ్డున అబ్రా ఎక్కితే, తలకో దిర్హాముకు క్రీక్ దాటించి దేరాలో దింపుతారు. చెక్క పడవ, మధ్యలో బెంచీ, మొహానికి గాలి. చిన్నవాడు నీళ్ళు చూసి, "ఇది మన సోమశిల డ్యామేనా?" అన్నాడు. ఔనన్నాను. వాడు ఏ మారాం చెయ్యకుండా కూర్చుంది ఆ పడవలోనే, అందుకే దిగకుండా అదే పడవలో వెనక్కి వచ్చాం.

వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని వస్తామని ఫోన్లు చేస్తున్న చుట్టాలందరికీ ఒకటే మనవి: నవంబరు తర్వాత రండి. కాదు, జూన్‌లోనే వస్తామంటారా, స్వెట్టర్లు మర్చిపోకండి.