ఎక్స్‌టెండెడ్ వారంటీకి టీకా తాత్పర్యం

మూలం: నిబంధనలకు లోబడి, అరుగుదల తరుగుదల మినహా, వాహనమందలి సమస్త యాంత్రిక విద్యుత్ భాగములకు సంపూర్ణ రక్షణ కలదు.

అవతారిక: కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుండగా షోరూం కుర్రాడు చెవిదగ్గర చేరి, "రెండేళ్లు ఎక్స్‌టెండ్ చేయించేయండి సార్, టెన్షన్ ఉండదు" అంటాడు. కొనవలెనా, వలదా అన్నది విచారణీయం.

టీక: 'రక్షణ', 'కలదు' తేలికే గనుక వదిలేస్తున్నాం. 'సంపూర్ణ' పాదపూరణం. 'అరుగుదల' అనగా క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్లు, రబ్బరు బుష్‌లు ఇత్యాదులు. మరి అరగనిదేది స్వామీ అని శిష్యుడు. కంపెనీ లోగో నాయనా అని గురువు.

విశేషం: వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. భారవి పలుకు కొబ్బరికాయ అని చెప్పి, పీచు తీసే పని తన మీద వేసుకున్నాడు. ఆ భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో దాదాపు నకారంతోనే నడిచే శ్లోకం ఉంది. అక్కడ కూడా 'స్పష్టం' అని తప్పుకోలేదు మహానుభావుడు. తేలిక పదానికి పేజీ రాసి, చిక్కు పదం దగ్గర జారుకునే మనబోటి వాళ్లు ఆయన ఊరివైపు తిరిగి దణ్ణం పెట్టుకోవాలి. ఇంతకీ ఎక్కడున్నాం? వారంటీ.

శంక: కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ పాలసీ ఉందిగా?
సమాధానం: అది గుద్దుకుంటే, దొంగలెత్తుకుపోతే, వరదొస్తే. దానంతటదే చెడిన యంత్రం దాని లెక్కలోకి రాదు. ఇంజన్‌లో నీళ్లు చేరితే ఆదుకునే 'ఇంజిన్ ప్రొటెక్ట్' ఇంకో యాడాన్, ఇంకో బిల్లు. అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ.

'నిబంధనలకు లోబడి': అసలు విషం ఇక్కడుంది. మా బావమరిది కారు గేర్‌బాక్స్ పోయింది. వారంటీ ఉంది, డబ్బు కట్టాడు. ఒక సర్వీసు ఆలస్యంగా చేయించావు, చెల్లదన్నారు. ఆ షరతు బుక్‌లెట్ చివర్లో, చీమ తలకాయంత ఇంగ్లీషులో ఉంది. బుక్‌లెట్ చేతికొచ్చింది డబ్బు కట్టాక. దీనికి ఏ అలంకారశాస్త్రంలోనూ పేరు లేదు. ఊళ్లో అయితే మోసమంటారు.

తాత్పర్యం: మాన్యువల్ గేర్లు, టర్బో లేని పెట్రోలు బండి, నాలుగైదేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో, నిండా సెన్సర్లు, పదేళ్లు వాడే ఆలోచన ఉంటే కొనండి. సర్వీసు తేదీ తప్పకండి, బిల్లులు పారేయకండి. చాలా కంపెనీలు అసలు వారంటీ ముగిసేలోపు కూడా అమ్ముతాయి, కాస్త ధర పెరగొచ్చు గానీ డెలివరీ రోజే సంతకం పెట్టాలన్న రూలేమీ లేదు. ఏది ఇస్తారో కాదు, ఏది ఇవ్వరో రాసిన పేజీ ముందడగండి. అది చూపించకుండా డబ్బడిగితే కొనకండి.